ఒకటికి ఆరు

మొదటి దెబ్బకు చీల పట్టుకునేది నేనే.
సమ్మెట మా ఆయనది.
నిడుజువ్వి గనిలో పదిహేడేండ్లుగా
ఆయన చూపు చీల తల మీద,
నా చూపు ఆయన మోచేతి మీద.
వేళ్లు ఎప్పుడు తీసుకోవాల్నో ఎవురూ నేర్పలేదు.

నల్లబండంటే మడిచిపెట్టిన కంబడి.
మడత యాడుందో కంటికి ఆనదు.
గోటితో తడుముకుంటా పోతే
ఒకచోట గోరు తట్టుకుంటాది.
ఆడ గాడి. గాడిలో చీల.

సన్నంగా సాగదీసిన చీల మెత్తగా దిగుతాది,
నాలుగు దెబ్బలకు కొన వంకర.
మొద్దుచీల వంగదు. దిగదు కూడా.
ఎగిరొస్తాది.
మా ఆయన ఎడమ కనుబొమ్మలో ఎంటికలు లేని చోటు
అట్లా ఎగిరొచ్చిందే.

మా చెల్లెలి కూతురు సుభాషిణి, తొమ్మిదో తరగతి,
సెలవలకొచ్చి చీలను స్కేలుతో కొలిచింది.
పొడవు పన్నెండు, తల మందం రెండు.
"పెద్దమ్మా, దీని యాంత్రిక లాభం ఆరు."
అంటే ఏందే?
"పెదనాయన ఒకటి కొడితే బండకు ఆరు తగులుతాది."

బీడీ నోట్లోనే మర్చిపోయినాడు ఆయన.
ఒకటిచ్చి ఆరు తెచ్చుకునే లెక్క
వడ్డీకి తిప్పేవాళ్లకు గూడా తెలీదే!
ఆ అయిదూ ఎవురివి?
రేపు ఎవురొచ్చి అడుగుతారు?

బిడ్డ నవ్వలేదు. దుమ్ములో పుల్లతో గీసింది.
రెండు ఏటవాలు గీతలు, వీపూ వీపూ ఆనించి.
"చీల పన్నెండు దిగితే బండ విడేది రెండే.
ఊరికే రాలేదు పెదనాయనా,
దూరం నడిచి తెచ్చుకున్నారు."

ఈ మాట ఆయనకు పట్టింది.
గువ్వలచెరువు ఘాట్లో లోడు లారీ
నిట్టనిలువునా ఎక్కుతాదా,
వంకలు తిరుక్కుంటా ఎక్కుతాది గదా, అన్నాడు.
అదే, అనింది.

"కానీ ఆరూ చేతికి రావు.
రాయీ ఇనుమూ రాసుకోని సగానికి పైన తినేస్తాయి."
కాటా కాడ తరుగు మాదిరా? అన్నా నేను.
"ఆ మాదిరే. ఐతే ఆ రాపిడి లేకుంటే
చీల నిలవదు. తడి సబ్బు మాదిరి బయటికి దూకుతాది."
తినేదే పట్టి నిలబెడతాదంట.
మా ఇద్దరికీ గని ఓనరు గుర్తొచ్చినాడు.
పైకి అనలేదు.

ఆ పొద్దు ఏడు చీలలు వరసగా పెట్టినాం.
ఒకదాన్నే కొట్టగూడదు.
బంతిలో వడ్డించినట్టు తలా ఒకటి,
మళ్లీ మొదట్నుంచి తలా ఒకటి.
ముందు టణ్ణుటణ్ణుమని మోగుతాది.
బిగిసే కొద్దీ గొంతు సన్నబడతాది.
ఉన్నట్టుండి ఒక దెబ్బకు మొద్దు శబ్దం.
ఇంక సమ్మెట దించేయాల.
బండ ఆలోచన చేసుకుంటాంటాది.

సద్ది విప్పినాం. జొన్నరొట్టె, ఊరిబిండి.
రెండో రొట్టె తుంచుతాంటే వినపడింది,
గుడ్డ చింపబోయి మానుకున్నట్టు, ఒక్క గీర.
పోయి చూస్తే ఏడు చీలలూ వదులై
పాలపండ్ల మాదిరి ఊగుతాండాయి.

గడ్డపార పెట్టి పైపొర లేపినాం.
కింద అలలు.
ఏ కాలం నీళ్లో గీసిపోయిన అలలు, రాయిలో,
ఎండ మొగం ఎరగనివి.
సుభాషిణి అరచెయ్యి ఆనించి తియ్యలేదు సేపటిదాకా.
మా ఆయన టేపు తీసినాడు. నాలుగుకు రెండు.
అలలుంటే రేటు తగ్గిస్తారు, అన్నాడు.

రెండో పొరకు చీల పెట్టినాం.
పది దెబ్బలకు అది జారి నా కాళ్లకాడ, నీడలో పడింది.
వంగి తీసినా.
చురుక్కుమనింది.
కొంగుతో పట్టుకున్నా.
"పెద్దమ్మా, రాపిడి తినిందంతా యాడికి పోతాదో—"
అని ఆ పిల్ల మొదలుపెట్టే లోపల
చీలను తీసి దాని చేతిలో పెట్టినా.